మార్టిన్ గారి కొబ్బరిచెట్టు

తోటలంక చుట్టూ నాలుగు వైపులా గోదావరే. ఊళ్ళోకి రావాలన్నా, ఊళ్ళోంచి పోవాలన్నా పడవెక్కాలి. బడి పుస్తకాల లెక్కన దాన్ని దీవి అనాలి. కాని అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళెవరూ తాము దీవిలో ఉంటున్నామని కలలోనైనా అనుకోరు. దీవి అంటే టీవీలో కనపడేది. తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు, రెండు చెట్ల మధ్య వల ఉయ్యాల, అందులో పని లేని మనిషి. తమది లంక. లంక అంటే బురద, దోమలు, గాలేస్తే పోయే కరెంటు, వరదొస్తే మూటాముల్లె సర్దుకుని గట్టెక్కడం.

దుర్గాశ్రీ ఆ ఊరి కోడలు. ఇంగ్లండులో ఉన్న ఒక కంపెనీకి పనిచేస్తుంది. సెలవులొస్తే జనాన్ని దూరదేశపు దీవులకు పంపడం ఆ కంపెనీ వ్యాపారం. వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగొచ్చి తిట్టుకుంటూ రాస్తారు. ఫోటోలో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరనీ, కిటికీలోంచి సముద్రం కనపడుతుందన్నారు గాని అసలు కిటికీయే లేదనీ రాస్తారు. వాళ్ళందరికీ మెత్తగా, మర్యాదగా క్షమాపణలు రాయడం దుర్గాశ్రీ ఉద్యోగం. ఎనిమిదేళ్ళుగా ఆ పని చేసీ చేసీ, ఎవరైనా ఫోటో చూపిస్తే ముందు అనుమానించడం ఆమెకు అలవాటయింది. ఆ అలవాటు పనికిరావలసిన చోట మాత్రం పనికి రాలేదు.

మొదట హైదరాబాదులో ఉండేది. కరోనా రోజుల్లో కంపెనీ ఇంటినుంచే పనిచెయ్యమంది. అప్పుడే భర్త గణేష్‌బాబుకు పోలవరంలో సైటు ఇంజనీరుగా వేశారు. అంత పెద్ద ఊళ్ళో ఒక్కతే ఏం చేస్తుందని తోటలంకలో అత్తవారింటికి వచ్చింది. అత్తగారు ఎప్పుడో పోయారు. ఇంట్లో మావగారు పెద్దిరాజు ఒక్కరే. కరోనా పోయింది గాని దుర్గాశ్రీ మాత్రం తిరిగి పోలేదు. గణేష్‌బాబు ఆదివారాలు వచ్చి పోతుంటాడు. డాబా మీద గొట్టం నిలబెట్టి ఇంటర్నెట్టు, మెట్ల కింద ఇన్వర్టరు పెట్టించింది అతనే.

చిక్కల్లా కంపెనీ రూలుతో వచ్చింది. మామూలు ఉద్యోగులు తమ కాగితాల్లో ఏ నగరం పేరు రాశారో ఆ నగరంలోనే ఉండి పనిచెయ్యాలి. దీవుల్లో కూర్చుని పనిచేసుకునే భాగ్యం మేనేజర్లకు మాత్రమే. అది వాళ్ళ సేవకు మెచ్చి కంపెనీ ఇచ్చే బహుమానం. అంటే మేనేజరు దీవిలో ఉంటే గౌరవం, గుమాస్తా దీవిలో ఉంటే మోసం. అంచేత దుర్గాశ్రీ తన దీవిని దాచిపెట్టుకోవలసి వచ్చింది.

దాచడం పెద్ద కష్టమేం కాదు. వీడియో మీటింగులో మన వెనకున్నది కనపడకుండా ఏదో ఒక బొమ్మ తగిలించుకోవచ్చు కదా. దుర్గాశ్రీ ఒక అద్దాల గోడను తగిలించుకుంది. గోడ అవతల బారులు తీరిన మేడలు, ఇవతల మూలన ఒక ప్లాస్టిక్ మొక్క. ఆ గోడ వెనక నిజంగా ఉన్నది ఒక కిటికీ. కిటికీ అవతల మావగారి మూడెకరాల కొబ్బరితోట. దింపు రోజున చెట్లమీంచి కాయలు దబ్బు దబ్బుమని పడుతుంటే, ఆ చప్పుడేమిటని మీటింగులో అడిగేవారు. "పక్కన బిల్డింగు కడుతున్నారండి" అనేది. ఇన్నేళ్ళుగా కడుతున్న ఆ బిల్డింగు ఈపాటికి మబ్బులు దాటి ఉండాలి. అయినా ఎవరూ నోరెత్తి అడగలేదు.

ఆమెకు మేనేజరు మార్టిన్. యాభై దగ్గరపడ్డ మనిషి. బట్టతల, మెత్తటి మాట. కంపెనీ ఏడాది క్రితం అతనికి బాలి దీవినుంచి పనిచేసుకోమని అనుమతి ఇచ్చింది. అప్పట్నుంచీ అతను ఎప్పుడు తెరమీదకి వచ్చినా వెనక కొబ్బరిచెట్టు, చెట్టుకు నిండు గెల, దూరాన సముద్రం. గాలికి మట్టలు ఊగుతుండేవి, గెల కూడా కొంచెం ఊగుతుండేది. టీములో ఉన్నవాళ్ళంతా ఆ చెట్టు చూసి నిట్టూర్చేవారు. దుర్గాశ్రీ కూడా నిట్టూర్చేది, తన వెనక రెండు వందల చెట్లు పెట్టుకుని.

బాలిలో పొద్దు మనకన్నా ముందే పొడుస్తుంది. మార్టిన్ గారు సోమవారం మీటింగు తన పొద్దుటిపూట పెట్టేవారు. అందుకని ప్రతి సోమవారం దుర్గాశ్రీ తెల్లవారకముందే లేచి, కళ్ళు తుడుచుకుని, జడ సర్దుకుని, అద్దాల గోడ ముందు కూర్చునేది. అతను కూడా ఆవులిస్తూనే ఉండేవాడు. అంత అందమైన చోట ఉండి ఈ మనిషికి నిద్ర చాలదేమిటో అనుకునేది. సాయంత్రం మీటింగులోనూ అతని వెనక అదే ఎండ కాసేది. బాలి అంటే అంతే కాబోలనుకుంది. తాను అబద్ధపు గోడ ముందు కూర్చున్నా, అతని చెట్టును ఏనాడూ శంకించలేదు. అడిగితే దీవి ఇచ్చే హోదా ఉన్నవాడికి అబద్ధమాడే ఖర్మేమిటని ఆమె నమ్మకం.

పెద్దిరాజు తీరు వేరు. తెరమీద కనపడేవాళ్ళంతా ఆయన దృష్టిలో ఇంటికొచ్చిన చుట్టాలే. మొదటిసారి మార్టిన్ కనపడ్డప్పుడు గుమ్మంలోంచి తొంగి చూశారు.

"ఎవరమ్మా ఆయన?"

"మా మేనేజరుగారండి. బాలి అని, దీవిలో ఉంటారు."

"తోట ఎంతుంటది?"

"తోట ఆయనది కాదండి. అక్కడ ఉంటారంతే."

"ఓహో, కౌలా?" అన్నారు పెద్దిరాజు, గౌరవం ఏమాత్రం తగ్గకుండా.

అప్పట్నుంచీ రోజూ భోజనాల దగ్గర మార్టిన్ గారి చెట్టు ప్రస్తావన వచ్చేది. పెద్దిరాజుకు మనిషి మొహం గుర్తుండదు గాని చెట్టు గుర్తుంటుంది. ఈ సీమలో కొబ్బరికి రెండు నెలలకోసారి దింపు తియ్యాలి. ముదిరిన కాయను చెట్టున ఉంచి కింద మనిషి తిరగడమంటే ఆయనకు గుండె దడ. నెలలు గడిచినా మార్టిన్ గెల దిగలేదు. ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత జాలిపడ్డారు.

"అక్కడ దింపులోళ్ళు దొరకట్లేదేమో అమ్మా. మనకే దొరకట్లేదు. ఆ ముసలయ్య రేపొస్తాను, ఎల్లుండొస్తానని తిప్పుతున్నాడు. దేశంగాని దేశం, ఆయనకెవరు దొరుకుతారు? ఓ మాట చెప్పు. కుర్చీ అవతలేసుకోమను."

"చెప్తానండి" అనేది దుర్గాశ్రీ. చెప్పేది కాదు. మేనేజరుకు చెట్టుకింద ఎక్కడ కూర్చోవాలో చెప్పడం ఉద్యోగధర్మంలో లేదు.

ఆ జూలైలో కంపెనీకి హెలెన్ అనే కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. వస్తూనే అందరికీ ఒక ఉత్తరం పంపింది. రెండు టీములను కలిపి ఒకటి చేస్తారు, కొందరు ఉంటారు, కొందరు పోతారు. గురువారం మీటింగులో మనుషుల్ని చూసి, మాట్లాడి, తానే తేలుస్తుంది. "మనం అమ్మేది నమ్మకం. నమ్మదగిన మనుషులే నాకు కావాలి" అని చివర రాసింది. గదులకు లేని కిటికీలు అమ్మే కంపెనీకి ఆ మాట ఎలా తోచిందో గాని, దుర్గాశ్రీ మాత్రం చదవగానే తన అద్దాల గోడ సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

ఆ రాత్రి ఫోనులో గణేష్‌బాబు తేలిగ్గా అన్నాడు. "పోనీ నిజం చెప్పెయ్యొచ్చుగా. ఇల్లు ఇక్కడుంది, పని బాగానే చేస్తున్నానని."

"చెప్తే రేపట్నుంచి హైదరాబాదులో కూర్చోమంటారు. లేకపోతే పొమ్మంటారు. మీకేం, మీరు చెప్తారు."

ఆమెకు రెండూ ఇష్టం లేదు. ఉద్యోగం ఆమె చేతులారా సంపాదించుకున్నది. అది పోయాక లంకలో ఉత్త కోడలిగా మిగలడం ఊహించుకోలేకపోయింది. అలాగని లంకను వదలాలన్నా ప్రాణం ఒప్పదు. ఏటిమీంచి వచ్చే గాలి, ఆ కిటికీ, మధ్యాహ్నం పని మధ్యలో మావగారు కొట్టి తెచ్చి బల్లమీద పెట్టే బొండం, ఇవన్నీ ఆమెకు కావాలి. అవి ఉండాలంటే అవి లేవని చెప్పాలి.

గురువారం మధ్యాహ్నం నుంచీ ఈదురుగాలి మొదలైంది. ఎట్టకేలకు దింపుకు వచ్చిన ముసలయ్య, ఈ గాలిలో చెట్టెక్కలేనని తాడు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పెద్దిరాజు విసుగ్గా పంచలో కూర్చున్నారు.

"మావయ్యగారండీ, ఇవాళ పెద్ద మీటింగు. ఈ గదిలోకి మాత్రం రాకండి" అని దుర్గాశ్రీ ముందే చెప్పింది.

"ఆయ్, నేనెందుకొస్తానమ్మా" అన్నారాయన.

మీటింగు మొదలైంది. తెరమీద పదిమంది. మధ్యలో హెలెన్, ఇంగ్లండులో తన ఆఫీసులో. నవ్వు తెలియని మొహం. ఒక్కొక్కరినీ పలకరిస్తోంది. మార్టిన్ తన కొబ్బరిచెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "ఇక్కడ పొద్దు వాలుతోంది" అన్నాడు మామూలుగా, నడినెత్తిన ఎండతో. దుర్గాశ్రీ అద్దాల గోడ ముందు నిటారుగా కూర్చుని, తన వంతు కోసం చూస్తోంది.

సరిగ్గా అప్పుడే ఆమె వెనక కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పంచలో ఉన్న పెద్దిరాజు విన్నారు. కోడలికి పెద్ద మీటింగు, ఆ చప్పుడుకు ఇబ్బంది. మాటిచ్చిన సంగతి మరచిపోలేదు, కాని గడియ పెట్టి వెంటనే వెళ్ళిపోతే తప్పేముందనుకున్నారు. చప్పుడు కాకుండా లోపలికి వచ్చి రెక్క పట్టుకున్నారు. పట్టుకుని, అలవాటు చొప్పున, మార్టిన్ గారి చెట్టు ఎలా ఉందోనని తెరవైపు చూశారు.

చెట్టు ఊగుతోంది. గెల ఊగుతోంది. దాని కిందనే నిగనిగలాడుతున్న బట్టతల.

"అమ్మాయ్! అక్కడా గాలే!"

పెద్దిరాజు రెండంగల్లో వచ్చి కోడలి భుజం మీదుగా వంగారు. అద్దాల గోడ ముందు ఒక నెరిసిన తల, దానికి వేళ్ళాడుతున్న తువ్వాలు సగం మాత్రం కనపడ్డాయి. మిగతా మనిషిని దుర్గాశ్రీ కుర్చీ కప్పేసింది.

"సార్! మార్టిన్ సారండీ! లెగండి! కోకోనట్! హెడ్!" అని తన నెత్తి తట్టి చూపించారు. "డేంజరండీ, లెగండి!"

హెలెన్ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఆయన ఎవరు, దుర్గాశ్రీ?"

"మా... మావగారండి."

"ఏమంటున్నారు?"

అబద్ధమాడటానికి ఆమెకు ఎంతోసేపు అక్కర్లేదు, ఇన్నేళ్ళ సాధన ఉంది. నీళ్ళ మోటారు సంగతనో, మతిమరుపు మనిషనో అనెయ్యొచ్చు. కాని పక్కన ఆ పెద్దాయన లెమ్మని తెరకేసి ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నారు. ఎక్కడో ఉన్న ఎవరో మనిషి నెత్తిన కాయ పడిపోతుందని ఆయనకు నిజంగా ప్రాణం గిలగిల్లాడుతోంది. అలాంటి మనిషిని మతిలేనివాడని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఏడాదిగా ఆ గెల కొయ్యలేదంటున్నారండి. కాయలు ముదిరిపోయాయి, గాలికి మార్టిన్ గారి తలమీద పడతాయని భయపడుతున్నారు. అక్కణ్ణుంచి లేవమంటున్నారు."

హెలెన్ మొహంలో మొదటిసారి నవ్వు వచ్చింది. "ఎంత మంచి మనిషి! మార్టిన్, ఆయన్ని కంగారు పెట్టకు. కెమెరా కొంచెం పైకెత్తి ఆ చెట్టు చూపించు. చాలా దూరంలో ఉందని తెలిస్తే ఊరుకుంటారు."

"అక్కర్లేదు, ఏం ఫరవాలేదు" అన్నాడు మార్టిన్. మొహం ఎర్రబడింది.

"ఫరవాలేదంటాడేంటమ్మా!" అని పెద్దిరాజు గోల పెట్టారు. "లెగండి బాబూ!"

"అయితే పక్కకైనా జరుగు, మార్టిన్. పెద్దాయన కోసం" అంది హెలెన్.

మార్టిన్ జరిగాడు. గాభరాగా జరగడంలో కుర్చీ బల్లకు కొట్టుకుంది, ల్యాప్‌టాప్ పక్కకు ఒరిగింది. బాలి దీవి ఒక్కసారి వణికి మాయమైంది. దాని స్థానంలో ఒక ఇరుకు వంటగది వచ్చింది. కిటికీ అద్దాలమీద జోరున వాన. గదిని వెచ్చబెట్టే గొట్టాల మీద ఆరేసిన తడి మేజోళ్ళు. గోడమీద గడియారం. ఆ గడియారమూ, హెలెన్ వెనక గోడమీది గడియారమూ ఒకే టైము చూపిస్తున్నాయి.

పెద్దిరాజు ఒక్కరే హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇంట్లోకొచ్చేశాడు. మంచిపని చేశాడు" అని, కిటికీ సంగతి మరచిపోయి, తువ్వాలు దులుపుకుంటూ పంచలోకి వెళ్ళిపోయారు.

మార్టిన్ ల్యాప్‌టాప్ సరిగ్గా నిలబెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. బాలిలో పదిహేను రోజులే ఉన్నాడు. దోమలు కుట్టి చంపాయి, రోజూ కరెంటు పోయేది, వాన పడితే వీధంతా బురద. ఇంటికొచ్చేశాడు. కాని అప్పటికే అందరూ ఎంత అదృష్టమో అంటున్నారు, వెనక్కి వచ్చేశానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. బొమ్మ ఒకటి కొనుక్కుని తగిలించాడు. బాలి పొద్దు పాటించడం కోసం ప్రతి సోమవారం తన ఊళ్ళో అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని కూర్చున్నాడు.

ఆ సోమవారాలు తలుచుకుంటే దుర్గాశ్రీకి ఒళ్ళు మండింది, వెంటనే జాలీ వేసింది. ఇటు తాను చీకట్లో లేవడం, అటు అతను చీకట్లో మేలుకోవడం, ఇద్దరూ కలిసి లేని తెల్లవారుజామున పని చెయ్యడం. ఇక తర్వాత వంతు తనదేనని తోచింది. ముందు కెమెరా ఆపెయ్యాలనుకుంది. కంగారులో ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కింది.

అద్దాల గోడ ఊడిపోయింది. ఆమె వెనక బార్లా తెరుచుకున్న కిటికీ, దాని నిండా తోట. వందల చెట్లు గాలికి ఒక్కసారిగా వంగి లేస్తున్నాయి.

"దుర్గాశ్రీ!" హెలెన్ గొంతు కటువుగా వచ్చింది. "ఇదేనా పరాచికాలాడే సమయం? ఇక్కడ ఒక మనిషి ఉద్యోగం పోతోంది. ఆ చెట్లు తీసెయ్."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి క్షణం రాదని దుర్గాశ్రీకి తెలుసు. చెబితే ఏమవుతుందో వంటగదిలో తలదించుకు కూర్చున్న మనిషిని చూస్తే తెలుస్తూనే ఉంది. మెల్లగా మీట నొక్కింది. మేడలు వచ్చాయి, అద్దాలు వచ్చాయి, ప్లాస్టిక్ మొక్క వచ్చి మూలన నిలబడింది.

"థాంక్యూ" అంది హెలెన్, కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఇంతమందిలో ఒక్కరైనా చెప్పిన చోట ఉన్నారు. పైగా మేనేజరని మొహమాటపడకుండా ఉన్నమాట చెప్పావు. నాకు కావలసింది ఇదే."

పదిరోజుల్లో మార్టిన్ వెళ్ళిపోయాడు. అతని కుర్చీలో దుర్గాశ్రీని కూర్చోబెట్టారు. మేనేజరయింది కాబట్టి ఇక దీవిలో ఉండి పనిచేసే అర్హత వచ్చిందనుకుని ఒక్క పూట సంబరపడింది. కాని మార్టిన్ ఉదంతం తర్వాత కంపెనీ దీవుల సౌకర్యమే ఎత్తేసింది. కొత్త మేనేజరుగా ఆమెకు అప్పజెప్పిన మొదటి పని, టీములో ఎవరు నిజంగా ఎక్కడుంటున్నారో విచారించి చెప్పడం. విచారించి చెప్పింది. తాను హైదరాబాదులోనే ఉన్నట్టు తేలింది.

పెద్దిరాజు మాత్రం ఆ నెలంతా రేవు దగ్గర పడవ కోసం నిలబడ్డవాళ్ళందరికీ చెప్పారు. "దొరగారి నెత్తిన గెల పడేదే. ఇక్కణ్ణుంచి కేకేశాను, లెగిశాడు. ప్రాణం నిలబడింది." ఇంటికొచ్చి కోడల్ని అడిగేవారు. "ఆయన కులాసాయేనామ్మా? మళ్ళీ అక్కడ కూర్చోవట్లేదు కదా?"

"లేదండి. అక్కడ కూర్చోవట్లేదు" అనేది దుర్గాశ్రీ. ఆ ముక్క ఆయన మొహం చూసి అనలేక, పళ్ళెంలోకి చూస్తూ అనేది.

దసరా వెళ్ళాక ఒకరోజు మార్టిన్ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. వేరే చోట పని దొరికిందట. మీ మావగారి మీద కోపం లేదు, నాకోసం అంత కంగారుపడ్డ మనిషి ఈమధ్య ఆయనొక్కరే అని రాశాడు. చివర ఒక ప్రశ్న. "ఆరోజు నీ వెనక ఒక్క నిమిషం కొబ్బరిచెట్లు కనపడ్డాయి. అవి నిజమైనవా? నిజమైతే చెప్పు, ఎవరికీ చెప్పను. ఊరికే తెలుసుకోవాలనుంది."

"నిజమేనండి, మాదే తోట" అని టైపు చేసింది. ఇన్నేళ్ళుగా ఆఫీసులో ఎవరితోనూ అనలేని మాట. వేలు పంపే మీట మీద పెట్టి ఆగింది. పోయిన ఉద్యోగం అతనిది, ఉన్న ఉద్యోగం తనది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరితోనో అతని నోరు జారితే? చెరిపేసింది. "కాదండి, బొమ్మే" అని పంపింది.

వెంటనే జవాబొచ్చింది. "అనుకున్నాను. నాదానికన్నా చాలా బాగుంది. కొత్త కంపెనీలో నా వెనక గోడ మరీ బోసిగా ఉంది. ఆ బొమ్మ నాకు పంపగలవా?"

పంపనంటే మళ్ళీ అనుమానం. దుర్గాశ్రీ ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. సాయంత్రపు ఎండ చెట్ల మధ్య ఏటవాలుగా పడుతోంది. ముందు వరసలో పెద్దిరాజు, లుంగీ ఎగ్గట్టుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తి ఏదో గెల చూస్తూ నిలబడ్డారు.

"మావయ్యగారండీ! కాస్త పక్కకి జరుగుతారా?"

"ఎందుకమ్మా?"

"తోట ఫోటో తియ్యాలండి."

"నేనుండకూడదేంటి అందులో?" అని నవ్వారాయన.

ఆమె ఫోను పైకెత్తింది. ఏదో ఆఫీసు పని కాబోలనుకుని, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ, "ఇక్కడికా? ఇంకా జరగనా?" అని అడుగుతూ, తన చేత్తో నాటిన చెట్ల మధ్యనుంచి బొమ్మ అవతలికి తప్పుకున్నారు. దుర్గాశ్రీకి సిగ్గుతో కళ్ళు చెమర్చాయి. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది.